ఆదిత్య 369 డిస్క్ కోసం కాచుకుని ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

గూడూరోడు:

నమస్కారం అండీ. ఉండేది చెన్నై పెరంబూరులో, సొంతూరు గూడూరు. 1991 జులైలో ఈ సినిమా వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా మేనమామ నెల్లూరు తీసుకెళ్లి చూపించాడు. టైమ్ మెషిన్ కదిలినప్పుడల్లా నేను ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నానని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతాడు.

2025 ఏప్రిల్ 4న 4కేలో, అంటే బాగా ఎక్కువ స్పష్టతతో, మళ్లీ విడుదల చేస్తున్నారని తెలిసి, సెంట్రల్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరు వెళ్లాను. అదే మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఆయనకి ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, మెట్లు ఎక్కడానికే పావుగంట పట్టింది. తెర మీద రాయల విజయనగరం వచ్చాక నా చెవి దగ్గరికి వంగి ఒకటే మాట అన్నాడు: "ఒరేయ్, కిరీటంలో రాళ్లు కనపడుతున్నాయిరా."

నా దగ్గర ఉన్న వీసీడీలో ఆ కిరీటం ఒక పసుపు ముద్ద. 2003లో రిచీ స్ట్రీట్‌లో కొన్నాను, మూడు డిస్కులు. కుడి మూల కంపెనీ లోగో సినిమా అంతా వదలదు. కింద వాళ్ల ఫోన్ నంబరు పావుగంటకోసారి పాకుతూ పోతుంది. 'జాణవులే నెరజాణవులే' పాట సగంలో నీలం తెర వచ్చి, రెండో డిస్క్ పెట్టమంటుంది. ఆ కోత పెట్టిన మనిషి పాట అయ్యేదాకా ఆగలేకపోయాడా అని ప్రతిసారీ బాధపడతాను.

ఇక అసలు సంగతి. థియేటర్ కోసం 4కే మాస్టర్, అంటే కాపీలన్నిటికీ మూలమైన ప్రతి, తయారైంది కాబట్టి దాని నుంచి మంచి బ్లూ-రే వస్తుందని ఆశతో ఉన్నాను. భయం కూడా ఉంది. ఇంతకుముందు వేరే పాత తెలుగు సినిమా బ్లూ-రే ఒకటి ఎనిమిది వందలు పెట్టి కొన్నాను, కంపెనీ పేరు చెప్పను. మచ్చలు తీస్తున్నామని గ్రెయిన్ (ఫిలిమ్‌లో సహజంగా ఉండే సన్నటి చుక్కలు) మొత్తం తుడిచేశారు. హీరోయిన్ ముఖం మైనపు బొమ్మలా ఉంది, జుట్టు పాయలు పాయలుగా కాకుండా నల్ల గుడ్డ కప్పినట్టుంది. మా ఆవిడ చూసి "ఇది యానిమేషనా?" అని అడిగింది.

ఈ సినిమాకి అలా జరగకూడదు. ఎందుకంటే దీన్ని ముగ్గురు కెమెరామన్లు తీశారు. పి.సి. శ్రీరామ్ గారు మొదలుపెట్టారు, ఆరోగ్యం బాగోక మధ్యలో ఆగారు. 1526లో జరిగే కృష్ణదేవరాయల భాగం వి.ఎస్.ఆర్. స్వామి గారిది. 2504లో జరిగే భవిష్యత్తు భాగం కబీర్ లాల్ గారిది. దర్శకుడు సింగీతం గారి కథ మూడు కాలాల్లో నడుస్తుంది, కెమెరా కళ్లు కూడా మూడు. ఇప్పుడు ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని సినిమా మొత్తానికి ఒకే రంగు పూసేస్తే ఆ తేడా పోతుంది.

డిస్క్ వేసేవాళ్లకి ముందే ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. అందులో ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి. పాత వీసీడీలు ఉంచుకోవాలా, తీసేయాలా అన్నది కూడా.

ఫస్ట్‌కాపీ:

తమ్ముడూ, నేను వడపళని వైపు ఒక ల్యాబ్‌లో గ్రేడింగ్, అంటే షాట్ల రంగు సరిచేసే సెక్షన్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ఈ సినిమా నా చేతి మీదుగా వెళ్లలేదు, కానీ పని ఒకటే కాబట్టి చెబుతున్నాను.

నెగటివ్‌లో రంగు పూర్తిగా ఉండదు. ప్రింట్ వేసేటప్పుడు ఒక్కో షాట్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు లైట్లు ఇచ్చేవాళ్లం. ఒక్కోదానికి 0 నుంచి 50 దాకా అంకె, నడిమి లెక్క 25. ఫస్ట్ కాపీ, అంటే మొదటి ప్రింటు, పడే రోజు కెమెరామన్ వచ్చి మా పక్కన కూర్చునేవాడు. "ఇక్కడ రెండు పాయింట్లు పెంచండి, సాయంత్రంలా ఉండాలి" అనేవాడు. ఆ రెండు పాయింట్లే ఆ సీను. అది ఆ అంకెలు రాసుకున్న చార్టులో ఉంటుంది, ప్రింటులో ఉంటుంది, నెగటివ్‌ని స్కాన్ చేస్తే రాదు. స్కాన్ బొమ్మ చప్పగా, బూడిద రంగులో వస్తుంది. దానికి ఇప్పుడు కూర్చున్నవాడు రంగు ఇవ్వాలి. వాడికి ఏదో ఒక ఆధారం కావాలి: బాగున్న పాత ప్రింటు, లేదా ఆ రోజు కూర్చున్న మనిషి. అందుకని ఉత్తరంలో మొదటి మాటగా ఇదే అడుగు: గ్రేడింగ్ దేన్ని చూసి చేశారు?

పాత ప్రింటునీ గుడ్డిగా నమ్మకూడదులే. ఈస్ట్‌మన్ కలర్ ప్రింటులో ముందు వెలిసేది సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు), అందుకే పాతవి ఎర్రబడతాయి. సరిగ్గా దాచకపోతే ఫిలిమ్ బేస్ కూడా పాడవుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కు పగిలేలా పులుపు వాసన, ఊరగాయ జాడీకి మూత సరిగ్గా పెట్టకపోతే వచ్చేలాంటిది. ఆ వాసన వచ్చిన రీలుని పక్క రీళ్ల దగ్గర ఉంచేవాళ్లం కాదు, దాని వల్ల అవీ పోతాయి.

గ్రెయిన్ సంగతి నువ్వు చెప్పింది నిజం, ఇంకో మాట కలుపుతాను. ఆ రోజుల్లో డిజాల్వ్ (ఒక బొమ్మ ఇంకోదాంట్లో కలిసిపోవడం), ఫేడ్ (బొమ్మ మెల్లగా చీకటైపోవడం), రెండు బొమ్మలు కలిపే ట్రిక్ షాట్లు అన్నీ ఆప్టికల్ ప్రింటర్ (ఫిలిమ్‌లోని బొమ్మని ఇంకో ఫిలిమ్ మీదకి తీసే యంత్రం) మీదే. దాని నుంచి వచ్చేది ఇంకో తరం నెగటివ్, అందుకే ఆ షాట్ల దగ్గర గ్రెయిన్ ఉన్నట్టుండి ముతకగా మారుతుంది. ఇలాంటి సినిమాలో అవి తక్కువేం ఉండవు. అది చూసి కంగారుపడి ఆ షాట్లని నున్నగా చేస్తే, చుట్టూ ఉన్న షాట్లతో అతకవు. గీతలు తీయాలి, దుమ్ము తీయాలి, అదురు తగ్గించాలి. గ్రెయిన్ జోలికి పోకూడదు.

తంబుర:

బొమ్మ గురించి పెద్దాయన చెప్పాక నేను అనాల్సింది ఏమీ లేదు. నేను మైలాపూర్‌లో పిల్లలకి సంగీతం చెబుతాను, నా బాధ పాటది.

మా ఇంట్లో ఉన్న డిస్క్‌లో 'జాణవులే' పాట పెట్టి, పక్కన క్యాసెట్ పెడితే శ్రుతి కలవదు. చాలా కాలం టేప్ రికార్డర్ నెమ్మదిగా తిరుగుతోందనుకున్నాను. తర్వాత తెలిసింది, సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీల పాల్ పద్ధతిలో వేసిన డిస్క్ 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. దాంతో రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా దాదాపు ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. శ్రుతి ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులకి పైగా పెరుగుతుంది. బాలు గారి గొంతు, శైలజ గారి గొంతు, అన్నిటికీ మించి జిక్కి గారి గొంతు సన్నబడిపోతాయి. అంత వయసులో ఆవిడ పాడిన ఆ పాటలో గొంతు బరువే అందం. ఇళయరాజా గారు ఏ శ్రుతిలో ఇచ్చారో ఆ శ్రుతిలోనే వినాలి కదా.

ఉత్తరంలో 24 ఫ్రేములు అని తప్పకుండా రాయండి. ఇంకోటి, 5.1 (చుట్టూ స్పీకర్ల నుంచి వచ్చే సౌండ్) చేసినా సరే, పాత ట్రాక్ కూడా శుభ్రం చేసి పక్కన పెట్టమనండి. కొత్త మిక్స్‌లలో తబలాని వెనక స్పీకర్లకి పంపేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బీచ్‌స్టేషన్:

గూడూరు అన్నా, నేను డిస్కులు కొనే విషయమే చెప్తా. కవరు వెనక చూడకుండా డబ్బులు ఇవ్వకండి. 1080పి (బొమ్మ స్పష్టత), 24పి (సెకనుకి 24 ఫ్రేములు) అని రాసి ఉండాలి. ఫ్రేము పక్కలు కోసి టీవీ నిండా సాగదీస్తే వద్దు, పైన కింద నల్ల పట్టీలు ఉంటేనే మంచిది. డీవీడీ అయితే తిప్పి చూడండి, అడుగున ఊదా రంగు మెరిస్తే అది ఇంట్లో రాసిన డిస్క్, ఫ్యాక్టరీలో అచ్చు వేసింది కాదు. బర్మా బజార్‌లో నేను ఇలా నాలుగుసార్లు మోసపోయాక నేర్చుకున్నా.

మన సినిమాలకి డిస్క్ మార్కెట్ లేదంటారు. బాహుబలి, ఆర్ఆర్ఆర్ జపాన్‌లో చక్కటి బ్లూ-రేలుగా వచ్చాయి, అక్కడి అభిమానులు కొనుక్కున్నారు. కొనేవాళ్లు ఇంతమంది ఉన్నామని పేర్లతో చూపిస్తే మనకీ వేస్తారని నా నమ్మకం. నా పేరు రాసుకోండి, రెండు కాపీలు. మా ఆవిడ తమిళ అమ్మాయి, చిన్నప్పుడు 'అపూర్వ శక్తి 369' అని తమిళంలోనే చూసింది. ఆ ట్రాక్ కూడా వేస్తే మా ఇంట్లో గొడవ ఉండదు.

వీసీడీలు పారేయకండి అన్నా. కొత్తదాంట్లో ఏ షాటైనా ఎగిరిపోతే సరిచూసుకోవడానికి అదే దిక్కు.

గూడూరోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి తంబుర గారు చెప్పినట్టే చేసి చూశాను. మామయ్య పాత క్యాసెట్ ఇంకా పాడుతోంది. పల్లవి దగ్గరే తేడా తెలిసిపోయింది. ఇన్నేళ్లు నేను ఆ పాటని తప్పు శ్రుతిలో పాడుకుంటున్నాను.

ఫస్ట్‌కాపీ గారూ, మీరు సరే అంటే ఈ ఆదివారం వడపళని వచ్చి కలుస్తాను. గ్రేడింగ్ గురించి అడగాల్సిన ప్రశ్నలు మీరు చెబితే నేను రాసుకుంటాను. పాట గురించిన పేరా తంబుర గారే రాయాలి, నాకు ఆ మాటలు రావు. మామయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సంతకం కూడా పెట్టాలట, కిరీటంలో రాళ్ల సంగతి తన మాటగా రాయమన్నాడు. ఇప్పటికి అయిదు కాపీలు: నాకు ఒకటి, మామయ్యకి ఒకటి, బీచ్‌స్టేషన్ తమ్ముడికి రెండు, తంబుర గారికి ఒకటి. మిగతావాళ్లు కింద రాయండి.