‘బాగోలేదు’కీ ‘నచ్చలేదు’కీ మధ్య కాళిదాసు

అందరికీ నమస్కారం. సినిమా గొడవతో మొదలుపెడుతున్నాను కానీ ప్రశ్న భాషదే, అడ్మిన్ గారు కంగారు పడొద్దు.

మొన్న ఆదివారం జగదాంబ దగ్గర ఒక హాల్లో నేనూ మా బావమరిదీ ఒక చిన్న సినిమా చూశాం. పేరు రాయను, రాస్తే కింద వచ్చే జవాబులన్నీ అటే పోతాయి. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, పాటలు లేవు. గొడుగులు బాగుచేసేవాడి కథ. మొదటి ఇరవై నిమిషాలు హీరో నోరు విప్పడు, ఒక మేక మాత్రం రెండు మూడు సార్లు తిన్నగా మన కళ్లలోకి చూస్తుంది. ఇంటర్వెల్ ముందు ఒక ముసలాయన "అసలు విషయం ఏంటంటే" అంటాడు, అంతే, లైట్లు వెలిగిపోతాయి. ఆ విషయం ఏంటో చివరిదాకా చెప్పరు! హాల్లో సగం మంది ఈలలు, సగం మంది తిట్లు. మా వెనక వరసలో ఒకావిడ పాప్‌కార్న్ కోసం వెళ్లి మళ్లీ రాలేదు, ఆవిడ భర్త పాపం రెండో సగమంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుండగా నేను "సినిమా బాగోలేదు" అన్నాను. మావాడు "నీకు సినిమా చూడ్డం రాదు బావా" అన్నాడు. నాకు కాలింది. వాడి ఫ్రెండ్స్ గ్రూపులోనూ ఇదే గొడవట, తొంభై మెసేజీలు, అటు వాళ్లు "చెత్త" అనీ ఇటు వాళ్లు "మీకు బుర్ర లేదు" అనీ. ఇంటికొచ్చాక కూడా మేం ఆపకపోతే మా ఆవిడ "లోకో భిన్నరుచిః, ముందు అన్నాలకి రండి" అంది. ఆగిపోయాం.

ఆగాం కానీ ఆ ముక్క నన్ను వదల్లేదు. ఎవరైనా రెండు పక్షాలుగా కొట్టుకుంటుంటే మూడోవాడు వచ్చి నీళ్లు చల్లడానికి వాడే మాట ఇది. చిన్నప్పటి నుంచీ వింటున్నాం, ఎక్కడిదో, ఎవరు ఎవరి గురించి అన్నారో నాకు తెలీదు. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నా ఇదే అర్థమా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

కంచరపాలెం నుంచి జవాబు

అన్నయ్యా, శ్లోకం సంగతి పెద్దలు చెబుతారు. మా వీధిలో ఆ సినిమా చూసినవాళ్లందరూ అన్నది ఒకే మాట: "ఇదేటి సినిమారా బాబూ." కాకపోతే కొందరు ‘ఏటి’ని సాగదీసి నవ్వుతూ అన్నారు, వాళ్లకి తెగ నచ్చేసింది. కొందరు ‘ఏటి’ని తుంచి అన్నారు, వాళ్లు టికెట్ డబ్బులు పోయాయని ఏడుస్తున్నారు. ఇది రాతలో పెడితే రెండూ ఒక్కలాగే ఉంటాయి చూడండి. మన ఉత్తరాంధ్రలో రివ్యూ రాయకూడదు, వినాలి.

ఎంవీపీ కాలనీ నుంచి, సంస్కృతం మాస్టారు

మీ శ్రీమతి గారు అన్నది కాళిదాసు మాటే, రఘువంశం ఆరో సర్గ, 30వ శ్లోకం. జనం నోట్లో పడి కాస్త తిరగబడింది. మూలంలో ఇలా ఉంది:

నాసౌ న కామ్యో న చ వేద సమ్యగ్
ద్రష్టుం న సా భిన్నరుచిర్హి లోకః

సందర్భం విదర్భ రాకుమారి ఇందుమతి స్వయంవరం. సునంద అనే ఆమె పక్కన నడుస్తూ ఒక్కో రాజు ముందూ ఆగి వాళ్ల వంశం, పరాక్రమం, ఊరి అందాలూ వర్ణిస్తుంటుంది (ఇప్పటి ప్రీ రిలీజ్ ఫంక్షన్లో యాంకర్లాగే, మైకు ఒక్కటే తక్కువ). మగధ రాజు అయ్యాడు, అంగరాజు దగ్గరికి వచ్చారు. అతని గురించీ గొప్పగానే చెప్పింది. ఇందుమతి అతని మీంచి చూపు తిప్పేసుకుని "పద" అంది. అక్కడ కవి అంటున్న మాట ఇది. పదం పదం విప్పితే: అసౌ న కామ్యః న, అతను కోరదగినవాడు కాక కాదు. సా సమ్యక్ ద్రష్టుం న వేద ఇతి న, ఆమెకి సరిగ్గా చూడటం రాకా కాదు. భిన్నరుచిః హి లోకః, లోకంలో ఒక్కొక్కరిదీ ఒక్కో రుచి మరి.

మీరు బీచ్‌లో అన్నది ‘అసౌ న కామ్యః’. మీ బావమరిది అన్నది ‘సమ్యక్ ద్రష్టుం న వేద సా’. కాళిదాసు ఆ రెంటి ముందూ ఇంకో ‘న’ పెట్టి రెండు తలుపులూ మూసేశాడు. మనవాళ్లు చివరి ముక్క మాత్రం కోసి పట్టుకుపోయారు, అసలు పస ముందున్న రెండు ‘న’కారాల్లో ఉంది.

వైజాగ్ వాళ్లకి ఇంకో సంగతి. అదే స్వయంవరంలో కళింగ రాజు హేమాంగదుడు కూడా ఉన్నాడు. మహేంద్రగిరికీ సముద్రానికీ ఏలిక అని సునంద పొగుడుతుంది, మేడ కిటికీల్లోంచి కెరటాలు కనిపిస్తాయట, పొద్దున్నే నిద్ర లేపడానికి వేరే వాయిద్యాలు అక్కర్లేదు, సముద్రపు హోరే లేపుతుందట. అంటే బీచ్ రోడ్లో ఫ్లాట్ అన్నమాట. అయినా ఆ పిల్ల ఒద్దనేసి ముందుకి వెళ్లిపోయింది.

గాజువాక నుంచి

మాస్టారూ దండాలు. ఇంత దూరం సంస్కృతానికి పోవడం ఎందుకు, వేమన చెప్పలేదా? "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." ‘చూడ చూడ’ అన్నాడు, ఒకసారి చూస్తే అని అనలేదు. నేను ఆ సినిమా రెండోసారి చూశాను, మేక ఎందుకు చూస్తుందో అప్పుడు అర్థమైంది. బావ గారిని ఇంకోసారి వెళ్లమనండి.

మొదటి పోస్టు రాసినవాడిని, మళ్లీ నేనే

మాస్టారూ, ఈ రెండు ‘న’లు చూశాక నాకు మతి పోయింది, ఆఫీసులో పని మానేసి ఇదే ఆలోచిస్తున్నాను. గాజువాక తమ్ముడికి కూడా ఒక మాట. వేమన పద్యంలో రుచి ఉప్పులోనే ఉంది. ఎవడు నాలిక మీద వేసుకున్నా ఉప్పు ఉప్పే, కప్పురం కప్పురమే. తేడా తెలియకపోతే తప్పు చూసినవాడిది, అందుకే చూడ చూడ అంటున్నాడు. కాళిదాసు శ్లోకంలో రుచి అంగరాజులో లేదు, ఇందుమతిలో ఉంది. అక్షరం మారలేదు, మాట మాత్రం వస్తువులోంచి మనిషిలోకి ఇల్లు మారింది! మన వాడుకలోనూ రెండిళ్లూ ఉన్నాయి. "పులుసు రుచిగా ఉంది" అంటే రుచి పులుసుది. జ్వరం పడి లేచినవాడు "నోటికి రుచి తెలీట్లేదు" అంటే పులుసుని ఎవరూ తప్పు పట్టరు. "రుచీ పచీ లేని సినిమా" అని నేను తిట్టినప్పుడు నా నోటి సంగతి నేను చూసుకున్నానా?

ఇక్కణ్నుంచి నాకు ఇంకోటి తట్టింది, తప్పైతే దిద్దండి. "బాగోలేదు" అన్నప్పుడు వాక్యంలో నేను ఎక్కడా లేను. సినిమా, దాని బాగు, అంతే, జడ్జి తీర్పు చెప్పినట్టు. "నచ్చలేదు" అంటే ‘నాకు’ వచ్చి తీరాలి, పైకి అనకపోయినా లోపల ఉంటుంది. మా బావమరిదికి నేను "నాకు నచ్చలేదురా" అని ఉంటే వాడు "నీకు చూడ్డం రాదు" అనేవాడు కాదేమో. వాళ్ల గ్రూపులో తొంభై మెసేజీలూ తిప్పి చూశాను, తిట్టినవాళ్లలో ఒక్కరు కూడా ‘నాకు’ వాడలేదు, మెచ్చుకున్నవాళ్లూ అంతే, "మాస్టర్‌పీస్" అని రాసి ఊరుకున్నారు.

ఎంవీపీ మాస్టారు

తప్పేమీ లేదు నాయనా, ఇది సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని పట్టుకున్న విషయమే. "రుచ్యర్థానాం ప్రీయమాణః" అని సూత్రం, 1.4.33. రుచించడం అనే అర్థం ఉన్న ధాతువులు వాడితే, ఎవరికి రుచించిందో వారు సంప్రదానం (ఇస్తే పుచ్చుకునేవారి స్థానం అన్నమాట), చతుర్థి విభక్తి వస్తుంది. బడిలో చెప్పే ఉదాహరణ "దేవదత్తాయ రోచతే మోదకః". కుడుము దేవదత్తుడికి నచ్చుతోంది. ఇందులో కర్త దేవదత్తుడు అనుకుంటారు పిల్లలు, కర్త కుడుము. తెలుగులోనూ అంతే కదా, "నాకు సినిమా నచ్చింది" అంటే నచ్చడం అనే పని చేసింది సినిమా. "నేను సినిమాని నచ్చాను" అని ఎవరూ అనరు.

సీతమ్మధార నుంచి

మాస్టారు గారూ, సినిమా చూసేవాళ్ల భాష మొత్తం ఈ ‘నాకు’ మీదే నడుస్తోంది, గమనించారా. "నాకు ఎక్కలేదు", "నాకు అర్థం కాలేదు", "నాకు బోర్ కొట్టింది". కొట్టింది బోరు, దెబ్బ తిన్నది నేను. ఒక్క "కనెక్ట్ కాలేదు" దగ్గర మాత్రం మా పిల్లలు తడబడుతుంటారు, ఒకడు "నాకు కనెక్ట్ కాలేదు" అంటాడు, ఇంకోడు "నేను కనెక్ట్ కాలేదు" అంటాడు. రెండోవాడు కాస్త తప్పు తన మీద వేసుకున్నట్టు వినిపిస్తుంది నాకు. "ఇష్టపడ్డాను" అన్నా అంతే, మళ్లీ నేనే కర్త.

ఇంకోటి, "పుర్రెకో బుద్ధి"కి దగ్గరగా సంస్కృతంలో "ముండే ముండే మతిర్భిన్నా" అని ఉంది, ముండం అంటే తల. అర్థం బాగానే ఉంటుంది కానీ దయచేసి తెలుగువాళ్ల ఇళ్లలో గట్టిగా చదవకండి. మా మావయ్య గారు ఒకసారి పెళ్లివారి ముందు చదివారు, సర్దిచెప్పేసరికి సాయంత్రమైంది.

సిరిపురం నుంచి

చిన్న అభ్యంతరం. అదే కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో "నాట్యం భిన్నరుచేర్జనస్య బహుధాప్యేకం సమారాధనమ్" అన్నాడు. రకరకాల రుచులున్న జనాన్ని ఒక్కటే అయినా అందర్నీ మెప్పించేది నాట్యం అని. మరి ఇక్కడ అదే భిన్నరుచి మాట వాడి, అందరికీ నచ్చేలా తీయొచ్చు అంటున్నాడు కదా. అలాంటప్పుడు సగం హాలుని బయటికి పంపిన సినిమా తప్పే కదండీ.

ఎంవీపీ మాస్టారు

బాగా తెచ్చారు. కానీ ఆ మాట అక్కడ ఎవరి నోట పెట్టాడో చూడండి. గణదాసుడు, నాట్యాచార్యుడు, డ్యాన్స్ మాస్టారు. తన విద్య గురించి తాను చెప్పుకుంటున్నాడు. "ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం" అని నిర్మాత స్టేజీ ఎక్కి చెబితే మనం కొట్టిపారెయ్యం, అలాగని సాక్ష్యంగానూ పెట్టుకోం. పైగా ఆ నాటకం మొదట్లో సూత్రధారుడి చేత, పాతదనే కారణంతో అంతా మంచిదీ కాదు, కొత్తదనే కారణంతో కావ్యం చెడ్డదీ కాదు, పరుల నమ్మకం వెంట నడిచేవాడే మూఢుడు అనిపించాడు. రేటింగు చూసి టికెట్ కొనేవాళ్లు ఆ శ్లోకం జోలికి పోకపోవడం మంచిది.

కంచరపాలెం నుంచి, మళ్లీ

మధ్యలో నాదో డౌటు. ‘చిత్రం’ అంటే బొమ్మ, ‘చిత్రం’ అంటే వింత. "చిత్రంగా ఉంది" అని సినిమాని తిడుతున్నారు, చిత్రం చిత్రంగా ఉండక ఇంకెలా ఉంటాది?

మొదటి పోస్టు రాసినవాడిని

తమ్ముడూ, దానికి వేరే చర్చ పెట్టు, అదొక సముద్రం.

నాకు మాత్రం ఒక మాట దగ్గర ఇంకా చిక్కు ఉంది. ‘నచ్చజెప్పడం’. నచ్చడం నా చేతుల్లో లేదు, నేను కర్తనే కాదు అనుకున్నాం కదా, మరి ఎదుటివాడు చెప్పి నచ్చేలా చేయగలడని మన భాష ఎలా నమ్మింది? అమ్మాయి దూరంగా ఉద్యోగానికి వెళతానంటే అమ్మకి నచ్చజెబుతాం. అద్దె పెంచుతానన్న ఇంటాయనకి నచ్చజెబుతాం. కాకరకాయ కూర ఎవరికైనా నచ్చజెప్పగలిగారా? నిర్ణయాలకైతే పనికొస్తుంది, నాలిక దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఆగిపోతుంది. మా బావమరిది వారం రోజులుగా నాకు ఆ సినిమా నచ్చజెబుతున్నాడు, మేక గురించి ఒక్కటే అరగంట చెప్పాడు. చెప్పినదంతా ఒప్పుకున్నాను. అయినా నచ్చలేదు.

మాస్టారూ, ఒక్క ప్రశ్న. ఇంతమందిని కాదన్న ఇందుమతికి చివరికి రఘు మహారాజు కొడుకు అజుడు నచ్చాడు కదా, ఎందుకు నచ్చాడో కాళిదాసు చెప్పాడా? నచ్చకపోవడానికి భిన్నరుచి అన్నాడు, నచ్చడానికి ఏమన్నాడు?

ఎంవీపీ మాస్టారు

వర్ణన అయితే బోలెడు ఉంది, రూపం, కులం, వయసు, గుణం అన్నీ సునంద ఏకరువు పెడుతుంది. ఇందుమతి మాత్రం సిగ్గుతో నోరు విప్పదు, ఒక్క మాట కూడా అనదు. ఆ పిల్ల మనసు తెలిసిపోయిన సునంద, ఆట పట్టించడానికి "అమ్మా, పద, ఇంకో చోటికి పోదాం" అంటుంది. అందుకు ఇందుమతి కోపంగా ఓర చూపు చూసింది. అసూయాకుటిలం దదర్శ. అంతే చెప్పి వదిలేశాడు.

మొదటి పోస్టు రాసినవాడిని

ఇంటర్వెల్లో నేను "లేవరా, ఇంటికి పోదాం" అన్నాను మా బావమరిదితో. వాడు ఏమీ అనలేదు. చూశాడు.