భజనలో ఐదు తంతుల బాంజో: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే దారికి తెచ్చుకోవాలా?

ప్రశ్న: బల్లార్‌పూర్ మాస్టారు

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. మా వీధిలోని తెలుగువాళ్లం శనివారం సాయంత్రాలు హనుమంతుడి గుడిలో భజనకు కూర్చుంటాం. హార్మోనియం, ఢోలక్, తాళాలు, వాటి పక్కన నా బాంజో. గణపతి ఊరేగింపుల్లో మీటలు నొక్కి వాయించే బాంజో గురించి కాదు నేను అడిగేది. డప్పుకు పొడుగాటి దండి బిగించినట్టుండే అమెరికా రకం, ఐదు తంతులది. మా బావగారు అక్కడి నుంచి వస్తూ తెచ్చి ఇచ్చారు. వెనుక చెక్క మూత లేని ఓపెన్‌బ్యాక్.

తంతిని నొక్కకుండా మీటితే హార్మోనియంతో చక్కగా కలుస్తుంది. పై మెట్లకు వెళ్లేకొద్దీ శ్రుతి హెచ్చుతుంది. పన్నెండో మెట్టు దగ్గరికి వచ్చేసరికి పక్కన పాడేవాళ్లు తలతిప్పి చూస్తున్నారు. నాదంలో పస లేదు, మీటగానే ఆరిపోతుంది. ఐదో తంతి బిరడ ఒకచోట నిలవదు, పాట మధ్యలో జారిపోతుంది.

డెబ్బై వేలు పక్కన పెట్టుకున్నాను. వెనుక రెసొనేటర్ (ధ్వనిని ముందుకు నెట్టే చెక్క మూత), లోపల టోన్‌రింగ్ (పొర కింద ఆనే లోహపు వలయం) ఉన్న బరువైన బాంజో కొనాలని మనసు లాగుతోంది. ఈ వాద్యమంటే నాకు ప్రాణం, అందుకే తొందరపడదలచుకోలేదు. మా గాయకులు ఎక్కువగా ఒకటో శ్రుతిలో పాడతారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: దెగ్లూర్ శ్రోత

మాస్టారూ, స్తోమత ఉంటే కొనేయండి. అమెరికాలో గిబ్సన్ కంపెనీ వాళ్లు 1925లో మాస్టర్‌టోన్ బాంజోలు తెచ్చినప్పటి నుంచి బ్లూగ్రాస్ అనే అక్కడి జానపద శైలి సంగీతం వాయించేవాళ్లకు టోన్‌రింగే కొలబద్ద. 1945 చివర్లో బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్, ఆ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో బృందంలో చేరి మూడు వేళ్లతో కురిపించిన స్వరాల వేగం ఒక్కసారి వినండి. ప్రతి స్వరం గంట కొట్టినట్టు విడివిడిగా వినిపిస్తుంది. ఆ నాదం ఓపెన్‌బ్యాక్‌లో రాదు.

జవాబు: ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

దెగ్లూర్ మిత్రులు నాదం గురించి చెప్పింది నిజం. కానీ ఆ నాదం ఫిడేలు, మాండొలిన్, గిటారు మధ్య నిలబడి వాయించేవారికి పుట్టినది. మాస్టారు నేల మీద బాసిపట్టు వేసుకుని, మైకు లేని గుడిలో, పాడేవాళ్ల పక్కన కూర్చుంటారు. టోన్‌రింగ్ ఒక్కటే కిలోంపావు దాటుతుంది. రెసొనేటర్ కూడా కలిస్తే వాద్యం ఐదు కిలోల దాకా తూగుతుంది. గంటసేపు ఒడిలో పెట్టుకోవడం కష్టం, పైగా ఆ ధ్వని గాయకుల మీద పడుతుంది. భజనకు ఓపెన్‌బ్యాకే తగినదని నా గట్టి అభిప్రాయం. మాస్టారు చెప్పిన లోపాల్లో కొత్త బాంజో కొంటే తప్ప తీరనిది ఒక్కటీ లేదు.

ముందు బ్రిడ్జి చూడండి, అంటే పొర మీద నిలబడి తంతులను మోసే చిన్న చెక్క ముక్క. వీణ మీద మెట్లు మైనంలో కూర్చున్నట్టు బాంజో బ్రిడ్జి దేనికీ అతుక్కుని ఉండదు. తంతుల ఒత్తిడికే నిలబడుతుంది. ప్రయాణంలో కదులుతుంది, తంతులన్నీ ఒకేసారి విప్పితే పడిపోతుంది, అందుకే ఒక్కొక్కటిగా మార్చాలి. పన్నెండో మెట్టు మీద తంతిని వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటండి, సన్నటి ఈల లాంటి స్వరం పలుకుతుంది. తర్వాత అక్కడే నొక్కి మీటండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జి దండి వైపు జరిగిందన్నమాట. తంతులు కొద్దిగా వదులు చేసి దాన్ని వెనక్కు, తంతులు కట్టిన వైపుకు, వెంట్రుకవాసి చొప్పున జరపండి. రెండు స్వరాలూ ఒకటయ్యాక బ్రిడ్జి కాళ్ల పక్కన పెన్సిలుతో సన్నటి గుర్తు పెట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పస లేకపోవడానికి ఎక్కువసార్లు హెడ్, అంటే డప్పు మీద బిగించిన పొర, వదులు కావడమే కారణం. దాని మీద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి చూడండి. బ్రిడ్జి కింద గుంట పడి ఉంటే బిగించాలి. చుట్టూ ఉన్న నట్లను వరసగా తిప్పుకుంటూ పోవద్దు. ఒకదాన్ని పావు చుట్టులో సగం తిప్పి, దానికి ఎదురుగా ఉన్నదాన్ని అంతే తిప్పాలి, ఆ తర్వాత అడ్డంగా ఉన్న జత. తంతులను అరచేత్తో ఆపి, హెడ్ అంచు దగ్గర వేలితో తట్టి, పలికే స్వరాన్ని హార్మోనియంతో పోల్చండి. ఓపెన్‌బ్యాక్‌కు హార్మోనియం మీద ఎఫ్‌కూ జికీ మధ్య ఎక్కడో కుదురుతుంది. అంతకు మించి లాగితే చిరుగుతుంది. మీ హెడ్ ప్లాస్టిక్ పొర అయితే వానకు లొంగదు. తోలుదైతే డప్పు కాచుకున్నట్టే కాచుకోవాలి. ఏ హెడ్ అయినా చెక్క మాత్రం చంద్రపూర్ ఎండకు ఎండుతుంది, శ్రావణంలో ఉబ్బుతుంది. పాదరసం 47 దాటే రోజుల్లో వాద్యాన్ని కారులో గానీ రేకుల గదిలో గానీ ఉంచకండి. పెట్టెలో పెట్టి, మంచం కింద నేల మీద పెట్టండి.

ఇక ఖర్చు పెట్టవలసినవి. ఐదో తంతికి లోపల పళ్లచక్రాలున్న బిరడ తెప్పించుకోండి. ఉన్నది నున్నటి పుల్లలా రాపిడి మీద నిలిచేది, అందుకే జారుతోంది. దండిలోని రంధ్రం కొలత చూసుకునే కొనండి. తర్వాత మంచి బ్రిడ్జి. మామూలుగా మేపుల్ చెక్కతో చేసి, తంతులు ఆనే పైఅంచుకు నల్లటి ఎబొనీ చెక్క పట్టీ అంటిస్తారు. అది గట్టిది కాబట్టి తంతి దాన్ని కోయదు. మా అడవుల్లో వేసవిలో తునికాకు కోసే చెట్టు ఎబొనీ వంశానిదే. ముదురు మాను నడిమధ్య చేవ బొగ్గులా నల్లగా, ఉలికి లొంగనంత గట్టిగా ఉంటుంది. నా బ్రిడ్జి మీద ఉన్న పట్టీ పాత తునికి దూలం ముక్క నుంచి మా వడ్రంగి కోసి ఇచ్చినదే. బ్రిడ్జి మొత్తం బరువు రెండు గ్రాముల దగ్గర ఉండాలి. బరువెక్కితే నాదం మూగబోతుంది.

మీరు ఇప్పుడు జి మేజర్‌లో శ్రుతి చేస్తున్నారనుకుంటాను. ఒకటో శ్రుతి అంటే హార్మోనియం మీద సి, కాబట్టి ఆ పాటకు నాలుగో తంతిని డి నుంచి సికి దింపండి, రెండో తంతిని బి నుంచి సికి ఎత్తండి. మిగిలినవి కదపవద్దు. నాలుగో తంతి నుంచి మొదటిదాకా స, ప, స, రి వస్తాయి, పొట్టి ఐదో తంతి పై పంచమంగా మోగుతూ ఉంటుంది. దానికి మీ హార్మోనియం షడ్జం తోడైతే తంబుర ఉన్నట్టే. హిందోళంలో పంచమం లేదు కనుక ఆ పాటలకు మూడో తంతినీ ఐదో తంతినీ మధ్యమానికి దింపండి.

జవాబు: పర్లాకిమిడి నుంచి

ఒడిశా వైపు మా ఊళ్లో బాంజో తంతులు దొరకవు. చివర ఉచ్చు ఉన్నవి కావాలి, గిటారు తంతికేమో గుండు ఉంటుంది. పటకారుతో ఆ గుండును మెల్లగా నలిపి తీసేస్తే లోపలి ఉచ్చు మిగులుతుంది, అది చక్కగా సరిపోతుంది. పది, పన్నెండు గేజీల (తంతి లావు కొలత) సన్న తంతులు చాలు. లావువి వేస్తే దండి వంగుతుంది. ఎప్పుడైనా పాత బాంజో కొనవలసి వస్తే దండి చట్రాన్ని తాకే చోట కాగితం దూర్చి చూడండి. కాగితం లోపలికి వెళ్తే బేరం ఆపండి.

మళ్లీ: బల్లార్‌పూర్ మాస్టారు

సిరొంచ అన్నగారూ, మీరు చెప్పినట్టే రాత్రి బ్రిడ్జి జరిపాను. దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు వెనక్కు పోయింది! పన్నెండో మెట్టు ఇప్పుడు హార్మోనియం మీద అచ్చంగా పడుతోంది. స్కేలు ఆనిస్తే గుంట కూడా కనిపించింది. నట్లలో రెండు చేత్తో తిరిగేంత వదులుగా ఉన్నాయి. పర్లాకిమిడి మిత్రులారా, తంతుల కిటుకుకు ధన్యవాదాలు. టోన్‌రింగ్ ఆలోచన పక్కన పెట్టాను. పళ్లచక్రాల బిరడకు ఈ వారమే డబ్బు కడతాను. మీ వడ్రంగి దగ్గర తునికి చేవ ముక్క ఇంకా ఉందా? వెల ఎంతైనా పంపిస్తాను.

జవాబు: ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

ఉంది మాస్టారూ, వెల మాట ఎత్తకండి. హెడ్ దగ్గర తంతులు ఎంత ఎత్తున ఉన్నాయో మిల్లీమీటర్లలో కొలిచి చెప్పండి, పట్టీ ఆ లెక్కకే కోయిస్తాను. చంద్రపూర్ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతాను, స్టాండులో తీసుకోండి.