నాలుగో తరగతి బాబుకు చదవడం, రాయడం కష్టంగా ఉంది: బడిని ఏ వెసులుబాట్లు అడగవచ్చు, టీచర్ల తీరు గురించి ఎలా మాట్లాడాలి?

హన్మకొండ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్లు నిండాయి. హన్మకొండలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్నాడు. పాఠం చదివి వినిపిస్తే ఇట్టే పట్టుకుంటాడు, గ్రహణం ఎందుకు వస్తుందో చెల్లెలికి బొమ్మ గీసి మరీ వివరిస్తాడు; అదే జవాబును కాగితం మీద పెట్టమంటే మాత్రం రెండు వాక్యాలు దాటేసరికి చెయ్యి ఆగిపోతుంది. బోర్డు మీద ఉన్నది సగం ఎక్కించుకునేలోగా టీచరు తుడిచేస్తారు. తెలుగులో వత్తులు వదిలేస్తాడు, దీర్ఘాలు తప్పుతాడు, ఇంగ్లీషులో ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తాడు.

పిల్లల డాక్టరు గారి సలహా మీద చూపు, వినికిడి పరీక్షలు చేయించాం. ఏ లోపమూ లేదన్నారు. తరువాత క్లినికల్ సైకాలజిస్టు పరీక్షించి, తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయని, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్నాయని నివేదిక ఇచ్చారు. పరీక్షల్లో అదనపు సమయం, బోర్డు మీది నోట్సు ముద్రించి ఇవ్వడం, నోటితో జవాబు చెప్పే అవకాశం అవసరమని అందులో స్పష్టంగా రాశారు. ఆ నివేదికను జులైలో ప్రిన్సిపల్ గారికి ఇచ్చాం. ఇప్పటివరకు ఒక్కటీ అమలు కాలేదు. పైగా నోట్సు పూర్తి కాలేదని ఆటల పీరియడ్‌లో బాబును తరగతిలోనే కూర్చోబెడుతున్నారు. హిందీ పీరియడ్‌లో అందరి ముందు నిలబెట్టి చదివిస్తున్నారు, పిల్లలు నవ్వుతున్నారు. ఆదివారం సాయంత్రమైతే చాలు, బాబుకు కడుపునొప్పి మొదలవుతోంది.

మళ్లీ వెళ్లి అడిగితే, ఒకరికి సమయం ఇస్తే రేపు అందరూ అడుగుతారని, అంత ఇబ్బందిగా ఉంటే టి.సి. తీసుకుని వేరే బడి చూసుకోమని అన్నారు. మేము హక్కుగా ఏం అడగవచ్చు? దానికి ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరా? వాడి మీద వికలాంగుడన్న ముద్ర పడుతుందని మా అత్తయ్య గారు బాధపడుతున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, టీచర్ల గురించి మాట్లాడితే ఆ కోపం పిల్లవాడి మీదికి మళ్లకుండా ఉండాలంటే ఎలా మొదలుపెట్టాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ప్రైవేటు బడి టీచరమ్మ

అమ్మా, నేను చాలా ఏళ్లుగా ప్రాథమిక తరగతులకు చెబుతున్నాను. బడి లోపల సంగతి ఒకటి మీకు తెలియాలి. మా దగ్గర నెలకోసారి నోటుపుస్తకాల తనిఖీ ఉంటుంది. కోఆర్డినేటర్ వచ్చి ప్రతి పిల్లవాడి పుస్తకం తిరగేస్తారు. నోట్సు అసంపూర్తిగా ఉంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది టీచరే. మీ బాబును ఆటలకు పంపకుండా కూర్చోబెట్టడం వెనక చాలావరకు ఈ తనిఖీ భయమే ఉండి ఉంటుంది. అది న్యాయమని నేను అనడం లేదు. ఆడుకునే సమయాన్ని లాక్కోవడం ఏ పిల్లవాడి విషయంలోనైనా తప్పే, చెయ్యి త్వరగా అలిసిపోయే పిల్లవాడి విషయంలో మరీ తప్పు. కానీ కారణం తెలిస్తే అడగాల్సింది ఎవరినో తెలుస్తుంది.

క్లాస్ టీచరుకు అదనపు సమయం ఇచ్చే అధికారం లేదు, ప్రశ్నపత్రం మార్చే అధికారం లేదు, నోట్సు మినహాయింపు ఇచ్చే అధికారం అసలే లేదు. కాబట్టి ఆమెతో గేటు దగ్గర వాదనకు దిగితే ఆమె ఇరుకున పడుతుంది తప్ప పని జరగదు. ఈ బాబు పుస్తకంలో ముద్రించిన నోట్సు అతికిస్తే చాలని, తనిఖీలో దాన్ని లోపంగా చూడరాదని ప్రిన్సిపల్ గారి చేత కాగితం మీద రాయించండి. ఆ ఒక్క ఆదేశంతో టీచరు మీద ఒత్తిడి తగ్గుతుంది, బాబుకు ఆటల పీరియడ్ తిరిగి వస్తుంది.

తరగతి గదిలో మేము సొంతంగా చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం నేరుగా టీచరునే అడగండి. రేపు ఏ పేరా చదివించబోతున్నామో ముందురోజే డైరీలో రాసి పంపవచ్చు. ఇంట్లో రెండుసార్లు చదువుకుని వచ్చిన పిల్లవాడు అందరి ముందు తడబడడు. సైన్సు, సోషల్ జవాబుల్లో విషయం సరిగ్గా ఉంటే అక్షరదోషాలకు మార్కులు కోయకుండా ఉండవచ్చు. ముందు బెంచీలో, బోర్డుకు ఎదురుగా కూర్చోబెట్టవచ్చు. నలభై మంది ఉన్న సెక్షన్‌లో కూడా ఇవి కష్టం కావు. దయచేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ విషయం ఎత్తకండి. అక్కడ పెడితే బాబు సంగతి సెక్షన్ మొత్తానికీ తెలుస్తుంది.

భవిత కేంద్రం ఐ.ఇ.ఆర్.పి.

మేడమ్, నేను సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకం కింద ఒక మండలంలోని భవిత కేంద్రంలో ఐ.ఇ.ఆర్.పి.ని, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌ని; ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. బాబుకు కావలసిన వెసులుబాట్లు ఒకటి, బాబు పట్ల టీచర్ల ప్రవర్తన మరొకటి. రెండింటినీ ఒకే ఉత్తరంలో పెడితే యాజమాన్యం రెండోదాన్ని పట్టుకుని టీచర్ల పరువు సంగతిగా మారుస్తుంది, మొదటిది అక్కడే ఆగిపోతుంది. అందుకే వేర్వేరు కాగితాలు, వీలైతే వేర్వేరు రోజులు.

వెసులుబాట్ల విషయానికి వస్తే, దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్కులియా (లెక్కల్లో ఇబ్బంది) పేర్లు అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే బడులకే కాక ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులకూ వర్తిస్తుంది, అంటే మీ ప్రైవేటు బడికి కూడా. ఒక్కో పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాటు చేయాలని, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన పద్ధతులు పాటించాలని అందులో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులను 17వ సెక్షన్ ప్రస్తావిస్తుంది. తగిన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్ష కిందికే వస్తుందని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్న మాటకు ఇదే సమాధానం. నివేదిక ఉన్న పిల్లవాడు అడుగుతున్నది అవసరం మేరకే.

ఇక ప్రవర్తన సంగతి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను మాత్రమే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. తడబడతాడని తెలిసీ రోజూ అందరి ముందు నిలబెట్టి నవ్వులపాలు చేయడాన్ని మానసిక వేధింపుగా ఎత్తి చూపడానికి మీకు పూర్తి ఆధారం ఉంది. ప్రాథమికోన్నత విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేవరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసివేయరాదని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 2019లో నాన్ డిటెన్షన్ నిబంధనను, అంటే పిల్లలను ఫెయిల్ చేసి అదే తరగతిలో ఉంచకూడదన్న నియమాన్ని సవరించినప్పుడు కూడా ఈ మాటను అలాగే ఉంచారు. కాబట్టి టి.సి. మాట వినగానే భయపడకండి, మీరుగా దరఖాస్తు రాసి ఇవ్వకండి.

బడి స్పందించకపోతే మండల విద్యాధికారికి, ఆపై జిల్లా విద్యాధికారికి రాయవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇస్తే దానికి నంబరు వస్తుంది. రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఆ తరువాతి మెట్లు. అంతవరకు వెళ్లకుండా బడిలోనే తేలితే పిల్లవాడికి మేలు. ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన ప్రశస్త్ అనే పరిశీలన పట్టిక ఒకటి ఉంది, దాని మొదటి భాగాన్ని మామూలు టీచర్లే నింపవచ్చు. మీ బడిలో దాన్ని వాడమని అడగండి. బయటి నివేదికను నమ్మని టీచరు కూడా తాను నింపిన పట్టికను నమ్ముతారు.

కరీంనగర్ నాన్న

మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. మూడో తరగతిలో ఉన్నప్పుడు మాదీ ఇదే పరిస్థితి. టీచరమ్మ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట జోడిస్తాను. నోటిమాటగా అడిగినంతకాలం ప్రిన్సిపల్ గారి జవాబు కూడా నోటిమాటగానే ఉంటుంది. మేము ఒక పేజీ ఉత్తరం రాసి, నివేదిక నకలు జతచేసి, ఆఫీసులో ఇచ్చి, మా దగ్గరున్న ప్రతి మీద అందినట్టు తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఉత్తరంలో ఫిర్యాదు ఒక్క ముక్క కూడా లేదు. మా ప్రతిలోని వాక్యాలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను:

"గంట పరీక్షకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ప్రశ్నపత్రాన్ని ఒకసారి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. తెలుగు, ఇంగ్లీషు తప్ప మిగిలిన సబ్జెక్టుల్లో అక్షరదోషాలకు మార్కులు తగ్గించవద్దని కోరుతున్నాము. ఈ ఏర్పాట్లు ఎలా సాగుతున్నాయో చూసుకోవడానికి ఆరు వారాల తరువాత ఒకసారి కలిసి కూర్చుందాము."

ఆ 20 నిమిషాల లెక్క మేము ఊహించి రాసింది కాదు. సి.బి.ఎస్.ఇ. తన బోర్డు పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు గంటకు 20 నిమిషాల చొప్పున ఇస్తుంది, మూడు గంటల పేపరుకు గంట అదనం. బోర్డే ఇస్తున్నప్పుడు యూనిట్ టెస్టుకు ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటని అడగడానికి ఆ లెక్క పనికొచ్చింది. అన్నీ ఒప్పుకోలేదు. ప్రశ్నపత్రం చదివి వినిపించడానికి మనిషి లేరన్నారు. అదనపు సమయం, అక్షరదోషాల సంగతి ఒప్పుకున్నారు. ఉన్నవాటితో మొదలుపెట్టాం, మరుసటి ఏడాది మూడోది కూడా కుదిరింది.

సర్టిఫికెట్ విషయంలో మీ అత్తయ్య గారి బాధ నాకు అర్థమవుతుంది, మా అమ్మ కూడా అదే మాట అన్నది. తరగతి గదిలో సర్దుబాట్లకు సైకాలజిస్టు నివేదికతో మొదలుపెట్టవచ్చు. వైకల్యం 40 శాతం ఉండాలన్న కొలమానం రిజర్వేషన్లకు, కొన్ని పథకాలకు సంబంధించినది. కానీ పదో తరగతికి వచ్చేసరికి బోర్డు ధ్రువపత్రం అడుగుతుంది, అప్పుడు పరుగెత్తడం కన్నా ఇప్పుడే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఈ వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ధ్రువీకరణ చేస్తారు, 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్షిస్తారు. ధ్రువపత్రానికి, దివ్యాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో పెట్టాలి. ఆ కార్డు ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో నిర్ణయం మీదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అనే, మేధో వైకల్యాలున్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. 1984 నుంచి నడుస్తోంది. పరీక్షలు, సలహా అక్కడ దొరుకుతాయి. హన్మకొండ నుంచి కాజీపేటలో రైలెక్కితే ఒక్క రోజులో వెళ్లి రావచ్చు.

ఆదివారం కడుపునొప్పి సంగతిని తేలిగ్గా తీసుకోకండి. మా అమ్మాయికి తలనొప్పి వచ్చేది. ఏ రోజు ఏ పీరియడ్ తరువాత బాబు ఎలా ఉన్నాడో ఒక చిన్న పుస్తకంలో తేదీలతో రాసుకోండి. ప్రవర్తన గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు "మీ టీచరు మంచిది కాదు" అనకుండా, "ఫలానా తేదీన ఇలా జరిగింది, ఇది మళ్లీ జరగకుండా ఏం చేస్తారు" అని అడగడానికి అదే ఆధారం.

హన్మకొండ అమ్మ

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నోటుపుస్తకాల తనిఖీ కోణం మాకు తట్టనే లేదు. సర్దుబాట్ల ఉత్తరం ముందుగా, విడిగా ఇస్తాం. ఒక్క సందేహం మిగిలింది. బాబు ఇంగ్లీషు, తెలుగు, హిందీ మూడు లిపులతో సతమతమవుతున్నాడు. భాషల మినహాయింపు ఇప్పుడే అడగమంటారా?

భవిత కేంద్రం ఐ.ఇ.ఆర్.పి.

తెలుగు జోలికి మాత్రం వెళ్లకండి మేడమ్. మన రాష్ట్రంలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పది వరకు అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అన్నది ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం, తెలుగులో అక్షరం ఎలా ఉంటే పలుకుబడి దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి ఇలాంటి పిల్లలు చదవడంలో తొలి గెలుపును చాలాసార్లు తెలుగులోనే చూస్తారు. వాళ్లకు కష్టమంతా గుణింతాల, వత్తుల సంఖ్య దగ్గరే వస్తుంది. అన్నీ ఒకేసారి కాకుండా, వారానికి ఒకే వత్తు తీసుకుని, అది ఉన్న మాటలు బాబు నోట చెప్పించి, ఇసుకలోనో పలక మీదో పెద్దగా రాయించి, ఆ తరువాతే నోటుపుస్తకంలోకి తేవాలి. అమ్మ, అక్క, పప్పు, మబ్బు వంటి ఇంటి మాటలతో ద్విత్వాక్షరాలు ముందు, సంయుక్తాక్షరాలు తరువాత.

హిందీకి పూర్తి మినహాయింపు ఇప్పుడే అడగడం కన్నా, ఈ ఏడాదికి నోటితో పరీక్షించమని, బిగ్గరగా చదివించడం ఆపమని మీ ఉత్తరంలో మరో వాక్యం చేర్చండి. దసరా సెలవులకు ముందే ఉత్తరం అందేలా చూసుకోండి. సెలవుల తరువాత పరీక్షల హడావుడిలో కొత్త ఏర్పాటు ఏదీ మొదలుపెట్టరు. వెళ్లేటప్పుడు మీరిద్దరూ కలిసి వెళ్లండి, బాబును మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్లకండి.