దూబగుంట ఆడవాళ్లు చేసింది ఉద్యమమా, ఒకరి ఇష్టం మీద మరొకరి జులుమా?

కావలి వకీలు:
పోయిన ఆదివారం మా ఊరి గ్రంథాలయంలో జరిగిన చర్చలో ఒక కుర్రవాడు లేచి, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ ఆమె తోటివారూ నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం వ్యక్తి స్వేచ్ఛ మీద దాడే అన్నాడు. 1859లో స్వేచ్ఛ గురించి ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ రాసిన పుస్తకాన్ని ఆధారంగా చూపించాడు. ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి తప్ప మనిషి ఇష్టానికి అడ్డుపడే అధికారం సమాజానికి లేదని మిల్ వాదించాడు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం తెచ్చిన మద్యనిషేధాన్ని కూడా తప్పుపట్టాడు. ఆ లెక్కన 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా వచ్చిన సారా నిషేధం, 1995 జనవరిలో మొదలైన సంపూర్ణ నిషేధం కూడా తప్పేనా? నాకు అక్కడికక్కడ సమాధానం తోచలేదు. మీరేమంటారో కారణాలతో చెప్పండి.

పొదిలి మాష్టారు:
ఆ కుర్రవాడు చెప్పింది నిజం. తాగి భార్యను కొట్టినవాణ్ణి శిక్షించాలి, తాగి పడుకున్నవాణ్ణి వదిలెయ్యాలి. మిల్ కూడా ఇదే అన్నాడు: తాగిన మత్తులో ఒకసారి ఎవరినైనా కొట్టి శిక్షపడినవాడి మీద మాత్రమే ప్రత్యేకమైన ఆంక్ష పెట్టవచ్చు. నిషేధం ఈ తేడాను చెరిపేసి ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. సంపూర్ణ నిషేధం నడిచిన రోజుల్లో మా మేనమామ కొడుకు తడ అవతల తమిళనాడు నుంచి ఒక్క మద్యం సీసా సంచిలో పెట్టుకుని వస్తూ దొరికిపోయాడు. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని ఆ మనిషి రెండు రాత్రులు లాకప్పులో ఉన్నాడు. ఆ నిషేధమే 1997లో సడలిపోయింది కదా, మరి ఎవరి మేలు కోసం తెచ్చినట్టు?

సింగరాయకొండ కుర్రోడు:
తడ సీసా కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది మాష్టారూ.

ఉదయగిరి ఆడపడుచు:
మాష్టారు గారు 1995 గురించి మాట్లాడుతున్నారు, ప్రశ్న 1992 గురించి. అప్పటికి ఆ ఆడవాళ్లు ఏ చట్టమూ చెయ్యలేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్న రోజులవి. రాత్రి బడిలో వాచకం చేతికొచ్చింది, అందులో సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ చదివారు, చదివింది చేసి చూపించారు. వాళ్లు అడ్డుకున్నది సారా అమ్ముకునే హక్కు కోసం సర్కారు పెట్టే వేలం పాటను. పాటదారు డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి ప్యాకెట్లు ఊరూరికీ చేరేవి. మా నాన్న కూలి డబ్బు ఇంటికి రాకముందే కొట్టు దగ్గర జమయ్యేది. శనివారం సాయంత్రం మా అమ్మ చొక్కా జేబు తిరగేస్తే చిల్లరకు బదులు, పళ్లతో మూల కొరికిన ఖాళీ ప్యాకెట్టు బయటపడేది. దాని వాసన నాకు ఇప్పటికీ గుర్తే. మనిషి అడగకముందే గుమ్మంలోకి సరుకు దించి, ఆ తర్వాత అది అతని ఇష్టం అనడం ఏ రకమైన స్వేచ్ఛ?

పొదిలి మాష్టారు:
వేలం చట్టబద్ధమైనదా, కాదా? చట్టబద్ధమైన వేలాన్ని గుంపుగా వెళ్లి ఆపడం బలప్రయోగం అవుతుందా, అవదా? ముందు ఈ రెండింటికీ అవును కాదు అని చెప్పండి, తర్వాత మిగతా సంగతి చూద్దాం.

కావలి వకీలు:
మాష్టారూ, మద్యం వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషి చెయ్యాలని రాజ్యాంగం 47వ అధికరణం అంటుంది.

పొదిలి మాష్టారు:
అది అమ్మేవాడి హక్కు గురించిన తీర్పు, నేనడుగుతున్నది తాగేవాడి సంగతి. 47వ అధికరణం ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లలేమని మీకు నేను చెప్పాలా? వేలం గురించి మాత్రం ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.

కందుకూరు పాఠకుడు:
వేలాన్ని వదిలిపెట్టండి మహాప్రభో.

ఉదయగిరి ఆడపడుచు:
వదలరు. ఎందుకంటే మిల్ రాసిన మరో ముక్క ఆయనకు ఇబ్బంది. చేతులారా పిల్లల పోషణను గాలికొదిలేసిన తండ్రి చేత బలవంతంగా పని చేయించడం నిరంకుశత్వం కాదని అదే పుస్తకంలో ఉంది. కూలి మొత్తం కొట్టులో పోసినవాడు ఇతరులకు హాని చెయ్యలేదా? పస్తున్న ఇల్లు చూడనివాళ్లకు స్వేచ్ఛ పుస్తకాల్లోనే కనిపిస్తుంది మాష్టారు గారూ.

పొదిలి మాష్టారు:
మిల్ చెప్పింది పిల్లల్ని సాకనందుకు శిక్షించమని, తాగినందుకు కాదు. ఇక పస్తుల మాటంటారా, ఎవరిల్లు ఎవరు చూశారమ్మా? 1992లో మా ఊళ్లో కట్టుబాటు పెట్టారు, తాగితే గుండు అని. మా నాన్న తాగేవాడు, కొట్టేవాడు కాదు. ఒక రాత్రి వేపచెట్టు కింద కూర్చోబెట్టి, సగం గుండు గీసి, ఆ సగంతోనే ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆయన తల మీద తువ్వాలు తియ్యలేదు, అన్నం తినేటప్పుడు కూడా. పోలీసు పట్టుకుంటే బెయిలుంటుంది, వకీలుంటాడు. ఊరు పట్టుకుంటే ఏముంది? సర్కారు కంటే సమాజం చేసే నిరంకుశత్వానికే తప్పించుకునే దారులు తక్కువని మిల్ మొదట్లోనే రాశాడు. అందరూ మెయిన్ రాష్ట్రం దగ్గరే ఆగిపోతారు, ఆ పేజీ దాకా రారు.

సింగరాయకొండ కుర్రోడు:
ఇది మొదటే చెప్పాల్సింది మాష్టారూ.

ఉదయగిరి ఆడపడుచు:
మీ నాన్న గారికి జరిగింది తప్పే. దాన్ని సమర్థించను. అయితే మీరు నిషేధం గురించి వాదించడం లేదని ఇప్పుడు అర్థమైంది, ఊరి గురించి వాదిస్తున్నారు. మా అమ్మకు ఆ ఊరు తప్ప ఇంకే దిక్కూ లేదు. గృహహింస చట్టం వచ్చింది 2005లో. అంతకుముందే భార్యను హింసించడాన్ని నేరంగా చూసే 498ఎ సెక్షన్ ఉంది కదా అంటారేమో, ఠాణాకు వెళ్తే మొగుడితో సర్దుకుపొమ్మని చెప్పి పంపేవాళ్లు. మీకు భయం పుట్టించిన గుంపే మా అమ్మకు మొదటిసారి ధైర్యమిచ్చింది. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు: ఆ రాత్రి మీ అమ్మగారు ఎక్కడున్నారు?

పొదిలి మాష్టారు:
నీళ్ల చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది. ఎవరైనా బలవంతపెట్టారో, తనంతట తానే వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. తనంతట తానే వచ్చిందంటే మా నాన్న గురించి నాకు తెలియనిది ఏదో ఉన్నట్టు. అది ఒప్పుకున్నా గుండు సంగతిలో నా మాట మారదు.

కావలి వకీలు:
మారనక్కర్లేదు. కొట్టు మూయించడం వేరు, మనిషిని పట్టుకుని శిక్ష వెయ్యడం వేరు; రెండూ ఆ ఆడవాళ్లే చేశారు కాబట్టి మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఆ కుర్రవాడికి ఈ తేడా చెప్పి ఉండవలసింది.

ఉదయగిరి ఆడపడుచు:
ఆ తేడా మగవాళ్ల ఠాణాలు మా మాట వినే ఊళ్లో అయితే సులువుగానే గీయవచ్చు వకీలు గారూ.

కొత్త సభ్యుడు:
మొదటి నుంచీ చదివాను. ఇంతకీ ఆ వేలం చట్టబద్ధమేనా, కాదా?