తాతయ్య జ్ఞాపకంగా సంగీతం రాయిస్తున్నా, మొదటి చిత్తు అమ్మకు నచ్చలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

చుక్కా గీతా:

అందరికీ నమస్తే. మా అమ్మ వాళ్ళ నాన్న 1944, 45లో బర్మాలో వైర్‌లెస్ ఆపరేటర్. ఫలకమో ఫొటో ఫ్రేమో కాకుండా, ఆయన జ్ఞాపకంగా పది నిమిషాల సంగీతం కొత్తగా రాయిద్దామని ఒక కుర్ర స్వరకర్తకు అప్పజెప్పాను. వయొలిన్, చెల్లో, ఫ్లూట్, ఒక డ్రమ్ము. సగం డబ్బు ఇచ్చేశాను కూడా.

స్వరకర్త అడక్కముందే నా దగ్గరున్నవన్నీ పంపేశాను. సర్వీసు నంబరు, దళం పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, పతకాల ఫొటోలు, ఇంఫాల్ నుంచి రంగూన్ దాకా ఎర్ర పెన్నుతో నేనే గీతలు పెట్టిన మ్యాపు. మొన్న మొదటి చిత్తు వచ్చింది. కవాతు డ్రమ్ము, మధ్యలో బాంబు పడ్డట్టు చెల్లో, ఆఖర్న విజయఘోష. అమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు నిమిషాలు విని తీసేసింది. "బాగానే ఉందిరా. కానీ ఈ సిపాయి ఎవరో నాకు తెలీదు" అంది.

తాతయ్య యుద్ధం గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. మిగిలింది ఒక నోట్‌బుక్కు. పేజీల నిండా పెన్సిల్‌తో చుక్కలు, గీతలు, అంటే మోర్సు, చిన్న పెద్ద దెబ్బలతో అక్షరాలు పంపే కోడు. పెన్సిలు ఎంత అదిమి రాశారంటే, పేజీ తిప్పి వెనకవైపు వేలు పెడితే గీతలన్నీ తగులుతాయి. ఇది మాత్రం స్వరకర్తకు పంపలేదు, అందులో ఏముందో నాకే తెలీదు కాబట్టి.

నా ప్రశ్న: డబ్బిచ్చినంత మాత్రాన "ఇలా కాదు, మార్చండి" అనొచ్చా? అంటే ఎలా అనాలి?

శ్రుతిపెట్టె:

నేనూ రాసేవాణ్ణే, అందుకే కాస్త కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. తప్పు ఆ అబ్బాయిది కాదు, మీ ప్యాకెట్‌ది. తేదీల్లో, పతకాల్లో శబ్దం ఉండదు. శబ్దం లేని సామాను చేతికిస్తే ఎవడైనా కవాతు డ్రమ్మే రాస్తాడు.

ఇంగ్లీషు స్వరకర్త వాన్ విలియమ్స్ సంగతి చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు దళంలో పనిచేశాడు. అక్కడ సాయంత్రాలు ఒక బ్యూగిల్ కుర్రాడు సాధన చేస్తుండేవాడు. పై షడ్జమం అందుకోబోయి ఒక మెట్టు కిందే ఆగిపోయేవాడట. 1922లో వచ్చిన పాస్టోరల్ సింఫనీ రెండో భాగంలో, మీటలు లేని ట్రంపెట్ ఒంటరిగా పాడేది ఆ అందని స్వరాన్నే. తుపాకి మోత ఎక్కడా లేదు. విన్నది ఒక్కటే పట్టుకున్నాడు.

మీ తాతయ్య ఏం విన్నారు? ఆయన చేతులు ఏం చేసేవి? అది ఒక్క పేజీకి మించకుండా రాసి పంపండి. "విషాదంగా ఉండాలి", "గంభీరంగా ఉండాలి" లాంటి మాటలు మాత్రం వద్దు. మార్చమని అడగడానికి చిత్తు దశే సరైన సమయం, నిరభ్యంతరంగా అడగండి. వాద్యం వాద్యానికీ వేరువేరుగా కాగితాలు తయారయ్యాక అడిగితే మళ్ళీ డబ్బు, పైగా మనస్పర్థలు.

నోట్‌బుక్కు దాచుకున్నారు చూడండి, అది ముందు పంపాల్సింది.

పాత రేడియో:

హామ్ లైసెన్సు (సరదాగా రేడియో సందేశాలు పంపుకోవడానికి ఇచ్చే అనుమతి) ఉన్నవాణ్ణి, మోర్సు మాట వస్తే ఊరుకోలేను. శ్రుతిపెట్టె గారూ, మీ స్వరకర్తలు చుక్కను ఒకటి, గీతను రెండు అని రాసేస్తారు. చుక్క ఒక మాత్రయితే గీత మూడు. అక్షరం లోపల చుక్కకూ గీతకూ మధ్య ఖాళీ ఒకటి, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. ఈ ఖాళీలు పోతే అది మోర్సు కాదు, మరమరాలు.

అయితే ఒక తమాషా ఉంది. బల్ల మీద వేలితో కొడితే దెబ్బ మొదలు తప్ప నిడివి వినిపించదు కదా. అప్పుడు పక్క ఖాళీతో కలిపి చుక్క రెండు, గీత నాలుగు. అంటే ఒకటికి రెండు, చుక్కను ఒకటి, గీతను రెండు అనుకోండి. అక్షరం చివర ఇంకొకటి కలపండి. ఇక ఇంగ్లీషు అక్షరాలను మన తాళాల జాతులతో పోల్చి లెక్క చూడండి: ఐ అంటే మూడు, తకిట. ఏ అంటే నాలుగు, తకధిమి. ఆర్ అంటే అయిదు, ఖండం. ఓ అంటే ఏడు, మిశ్రం. "సందేశం ముగిసింది" అనడానికి ఏ, ఆర్ రెండూ విడదీయకుండా కలిపి కొడతారు. అది సరిగ్గా ఎనిమిది, ఒక ఆది తాళం ఆవృత్తం. "ఇక కట్టేస్తున్నా" అనే వీఏ తొమ్మిది, సంకీర్ణం. ఎవరూ కావాలని పెట్టింది కాదు, లెక్క అలా కుదిరింది. డ్రమ్ముకు ఈ లెక్క, ఫ్లూటుకూ వయొలిన్‌కూ పై లెక్క. కలపకండి.

ఇంకొకటి. ఒకే సందేశం ఇద్దరు కొడితే ఒకేలా ఉండదు. ఎవరి చెయ్యి వాళ్ళది. గొంతు గుర్తుపట్టినట్టు అవతలివాడి చెయ్యి గుర్తుపట్టేవాళ్ళు.

తలుపుచప్పుడు:

నాకు ఈ మోర్సు గొడవ నచ్చలేదు. హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి తెలుస్తుంది? చీటీ చదివితే తప్ప అర్థంకాని సంగీతం పొడుపుకథ అవుతుంది. బర్మా అంటున్నారు కాబట్టి చెబుతున్నా: 1944లో చిండిట్ దళాలు (జపాన్ సేనల వెనక అడవుల్లో పోరాడిన బ్రిటిష్ వైపు దళాలు) వైర్‌లెస్ సెట్లు మోసే కంచరగాడిదలకు అరవకుండా స్వరతంత్రులు కోయించాయి, శత్రువుకు చప్పుడు వినిపించకూడదని. నన్నడిగితే అక్కడి కథ శబ్దంలో లేదు, శబ్దం లేకుండా ఉండటంలో ఉంది.

కాగితంపులి:

సంగీతం నాకు తెలీదు, ఒప్పందాలు తెలుసు. పాల్ విట్‌గెన్‌స్టైన్ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న పియానిస్టు. ఎడమ చేతికి సరిపడా సంగీతం పెద్దపెద్దవాళ్ళ చేత డబ్బిచ్చి రాయించుకున్నాడు. ఫ్రెంచి స్వరకర్త రావెల్ రాసింది 1932లో వియన్నాలో వాయిస్తూ తనకు నచ్చినట్టు మార్చేస్తే రావెల్ మండిపడ్డాడు. జర్మన్ స్వరకర్త హిండెమిత్ 1923లో రాసిచ్చింది అసలు వాయించనే లేదు, అది జనం చెవిన పడింది 2004లో. డబ్బిచ్చినవాడి చేతిలో ఎంత ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి కాగితం మీద పెట్టుకోండి: నిడివి, వాద్యాలు, గడువు, ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు, మొదటి ప్రదర్శన ఎవరిది, రికార్డు చేసుకోవచ్చా, అంకితం ఏ మాటల్లో. విడిగా రాసుకోకపోతే చాలా దేశాల్లో సంగీతం మీద హక్కు స్వరకర్తదే, మీరిచ్చిన డబ్బుకు హక్కు మారదు. తాతయ్య ఉత్తరాల్లో మాటలు పాడించాలనుకుంటే మీ మామయ్యలూ పిన్నులూ అందరి అనుమతీ కావాలి. ఉత్తరం మీ బీరువాలో ఉన్నా, మాటలు వారసులందరివీ.

చుక్కా గీతా:

చాలా థాంక్సండీ. నోట్‌బుక్కు స్కాన్ చేసి పంపాను. స్వరకర్తతో మాట్లాడితే ఆయనే అన్నాడు, "ఆ డ్రమ్ము నాకూ నచ్చలేదు, మీరు పంపిన పతకాలు చూసి భయపడ్డాను" అని. ఒప్పందం పేజీన్నర రాసుకున్నాం, రెండు మార్పుల వరకు.

అమ్మను తాతయ్య చేతుల గురించి అడిగాను. రేడియోలో వార్తలయ్యాక కుర్చీ చేతి మీద నడివేలితో ఏదో కొట్టేవారట. ఏదో పాటకు తాళం అనుకునేదట చిన్నప్పుడు. కొట్టి చూపించమంటే బల్ల మీద కొట్టింది, ఫోనులో రికార్డు చేశాను. పాత రేడియో గారికి పంపితే నాలుగుసార్లు విన్నారు. ఏఆర్ అవుతుందేమోనని ఆశపడ్డాను. కాదన్నారు, అసలు ఏ అక్షరమూ కాదట, మధ్యలో ఒక దెబ్బ ఎక్కువట. అమ్మ మరిచిపోయి ఉండొచ్చు.

స్వరకర్తకు ఆ మాట చెప్పాను. సరిచేయనన్నాడు. ఆ ఎక్కువ దెబ్బతో సహా అలాగే డ్రమ్ముకు రాశాడు, కర్రలతో కాదు, వేళ్ళతో. దాని తర్వాత ఇరవై సెకన్లు ఎవరూ వాయించరు. తలుపుచప్పుడు గారూ, అది మీవల్లే. వింటూ ఫైలు ఆగిపోయిందేమో అనుకుంది అమ్మ, ఫోను నా చేతికిచ్చి చూడమంది.

అంకితంలో హోదా రాయాలా, ఉత్త పేరు చాలా? మామయ్య హోదా కావాలంటున్నాడు, అమ్మ వద్దంటోంది.

పాత రేడియో:

పేరు చాలు. కాల్ సైన్ (రేడియోలో తనను గుర్తించే అక్షరాలు) ఏదైనా దొరికితే అది కూడా పెట్టండి.