సీబీసీటీలో మిడిల్ టర్బినేట్ లోపల గాలి గది: సైనస్ లిఫ్ట్‌కి ముందు ఈఎన్‌టీకి పంపాలా?

ప్రశ్న:
26లో (ఎడమ పైదవడ మొదటి పెద్ద దంతం చోట) ఇంప్లాంట్ ప్లాన్. ఎముక ఎత్తు 4 మి.మీ. మాత్రమే, లేటరల్ విండో (పక్క గోడలో కిటికీ తెరిచే) పద్ధతిలో సైనస్ లిఫ్ట్, అంటే సైనస్ అడుగు పొరని పైకెత్తి గ్రాఫ్ట్ (ఎముక పదార్థం) నింపడం, అనుకుంటున్నాం. 8×8 సెం.మీ. సీబీసీటీలో (దవడల 3డీ ఎక్స్‌రే స్కాన్) ఎడమ మిడిల్ టర్బినేట్ (ముక్కు పక్క గోడ నుంచి వచ్చే మధ్య ఎముక మడత) ఉబ్బి లోపల నల్లగా ఉంది. ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) కుడికి వంగింది. సైనస్ అడుగున పొర మందం 3 మి.మీ. పేషెంట్‌కి ముక్కు ఇబ్బందులేమీ లేవు. ఇది జబ్బేనా అండీ?

జవాబు 1:
నల్లటి చోటు చుట్టూ పలచటి ఎముక గీత ఉంటే అది కోంకా బుల్లోసా. టర్బినేట్ లోపల గాలి గది ఏర్పడటమే, చాలామందిలో కనిపిస్తుంది. దూలం అవతలి వైపుకి వంగడం కూడా దీనితో తరచూ కలిసే ఉంటుంది. గది లోపల బూడిద రంగు (ద్రవం లేదా వాచిన పొర) నిండితే మాత్రం ఆలోచించాలి.

మీరు చూడాల్సింది టర్బినేట్‌ని కాదు, ఆస్టియంని (సైనస్ ముక్కులోకి తెరుచుకునే రంధ్రం). కరోనల్ స్లైస్‌లు (ముఖాన్ని ఎదురుగా చూపే నిలువు కోతలు) ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే జరపండి. అన్‌సినేట్ ప్రాసెస్ (ముక్కు పక్క గోడలోని కొక్కెం లాంటి పలచటి ఎముక) కనిపించిన చోట ఆగి, దానికీ కంటిగూడుకీ మధ్య సన్నటి నల్ల దారి సైనస్ నుంచి మిడిల్ మియేటస్ (మిడిల్ టర్బినేట్ కింది ఖాళీ) దాకా తెగకుండా ఉందో లేదో చూడండి. స్కాన్ పై అంచు కంటిగూడు అడుగు దాకా రాకపోతే ఆ దారి అందులో పడదు. అలాంటప్పుడు రిపోర్టులో 'క్లియర్' అని రాయకండి.

జవాబు 2:
అక్కడే కంటిగూడు అడుగున చిన్న గాలి గది ఉంటే అది హాలర్ సెల్. పెద్దదైతే ఆ దారిని నొక్కేస్తుంది. సైనస్ లోపలి గోడలో, అసలు ఆస్టియంకి వెనగ్గా ఇంకో రంధ్రం కనిపిస్తే అది యాక్సెసరీ ఆస్టియం. అది తెరిచి ఉన్నంత మాత్రాన అసలుది తెరిచి ఉందనుకోవద్దు.

ఇన్ఫీరియర్ (కింది) టర్బినేట్ ఒక వైపే లావుగా ఉన్నా కంగారు పడకండి. ముక్కులో ఆ వాపు కొన్ని గంటలకోసారి వైపు మారుతూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
దారి తెరిచే ఉంది సార్, హాలర్ సెల్ లేదు. 3 మి.మీ. పొర సంగతి?

జవాబు 1:
చదునుగా ఉంటే, ముందు 25, 27 (ఇరుపక్కల పళ్ల) వేరు కొనలు చూడండి. అక్కడ పెరియాపికల్ లీజన్ (వేరు కొన చుట్టూ ఇన్ఫెక్షన్ గాయం) ఉంటే పొర మందానికి అదే కారణం కావచ్చు, మొదట ఆ పంటికే చికిత్స చేయాలి. అదీ లేకపోతే ఈఎన్‌టీ అక్కర్లేదు. ద్రవం లెవెల్ ఉన్నా, సైనస్ సగానికి పైగా నిండినా, దారి మూసుకున్నా లిఫ్ట్ ఆపి పంపాల్సిందే. సర్జరీ తర్వాత పొర ఎలాగూ వాస్తుంది. ముందే ఇరుకైన దారి దాంతో మూసుకుంటే స్రావం నిలిచి గ్రాఫ్ట్‌కి ఇన్ఫెక్షన్ వస్తుంది. పంపేటప్పుడు స్క్రీన్‌షాట్లు కాదు, డైకామ్ ఫైళ్లే (స్కాన్ అసలు డేటా) ఇవ్వండి.