అప్‌డేట్: పచ్చళ్ల సైట్‌లో సైడ్‌బార్లు మార్చాను

చెన్నై మడిపాక్కంలో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టుకున్న నా సైట్‌లో ప్రతి పేజీ పక్కనా అదే సైడ్‌బార్ (పక్క పట్టీ), అందులో క్యాలెండరూ ట్యాగులూ, దాన్నేం చేయాలని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. సైట్‌లో విభాగానికొక సైడ్‌బార్ పెట్టమన్నారు. పెట్టాను.

నాది క్లాసిక్ థీమ్, అంటే పాత పద్ధతిలో చేసిన సైట్ డిజైన్. అసలు థీమ్‌ను కదపకుండా మార్పులు రాసుకునే చైల్డ్ థీమ్‌లో మూడు సైడ్‌బార్లు రిజిస్టర్ చేసి, ఏ పేజీకి ఏది రావాలో కండిషన్లు రాశాను. 2021 జులైలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.8 వెర్షన్ నుంచి విడ్జెట్లలో (సైడ్‌బార్‌లో పెట్టే ముక్కల్లో) పేజీల్లో వాడే రాత, ఫొటో బ్లాకులే పెట్టుకోవచ్చు కాబట్టి మిగతాది సులువే. ఆవకాయ పక్కన ఇప్పుడు సీసా తూకాలు, కారం ఎంత, ఎన్నాళ్లు నిలవుంటుంది, అంతే. క్యాలెండర్ తీసేశాను. ఎవరూ అడగలేదు.

అసలు చిక్కు ఫోన్‌లో బయటపడింది. మా పిన్ని చేతికిచ్చి ఆర్డర్ పెట్టమన్నాను. బొటనవేలితో పైకి జరుపుతూనే ఉంది, జరుపుతూనే ఉంది. "ధర ఎక్కడే?" అంది చివరికి. ధర అప్పుడు సైడ్‌బార్‌లో ఉండేది. చిన్న తెరమీద నా సైడ్‌బార్ పక్కన రాదు, పేజీ అంతా అయ్యాక అడుగున పడుతుంది! ఆ రాత్రే ధర, ఆర్డర్ బటన్ ఫొటో కిందకే తెచ్చేశాను. లేకపోయినా నష్టం లేనివే పక్కన ఉంచాలని అప్పుడు అర్థమైంది.

మీరు చెప్పకపోతే ఇంకా ట్యాగులే సర్దుతూ ఉండేదాన్ని, చాలా థాంక్స్. ఇప్పుడు గోంగూర పేజీకి తమిళంలో చిన్న సైడ్‌బార్ రాస్తున్నాను. ఇక్కడివాళ్లు దాన్ని పుళిచ్చకీరై అంటారు.